పూజలో కూర్చున్న పెన్ డ్రైవ్‌లు

మా రాయదుర్గం గాలికి ఒక గుణం ఉంది. ఏ వస్తువునూ ఉన్నచోట ఉండనివ్వదు. ఒక వేసవిలో మా వంటింటి మీది రేకును ఎత్తుకుపోయి, బళ్ళారి దారిలో మేస్తున్న గొర్రెల మందకు నీడగా నిలబెట్టి, సాయంత్రం తెచ్చి మళ్ళీ మా గోడ మీదే పెట్టింది. ఈ సంగతి నా మనవరాలు గౌతమి నమ్మదు. నమ్మకపోతే పోనీ. కానీ కృపాకుమారి గురించి చెప్పేటప్పుడు మాత్రం నేను ఒక్క అంకె కూడా పెంచను. ఎందుకో చివర మీకే తెలుస్తుంది.

కృపాకుమారిది మా వీధిలో చివరి ఇల్లు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. తండ్రి యేసన్న వేరుశనగ చేలలో కూలికి పోయేవాడు; వరుసగా మూడేళ్ళు వాన రాక చేలే లేకుండా పోయినప్పుడు కూతుర్ని పదో తరగతితో మాన్పించి టౌనుకు తెచ్చాడు. పదహారో ఏట ఆమె మల్లికార్జునయ్య గారి జీన్స్ యూనిట్‌లో చేరింది. మొదట దారాలు కత్తిరించింది. తర్వాత జేబులు కుట్టింది. తర్వాత గుడ్డ అంచులు పోగు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీద పదేళ్ళు కూర్చుంది. ఇప్పుడు కుట్టిన ప్యాంట్లలో తప్పులు పట్టే చెకింగ్ పని ఆమెది. వంకర కుట్టు ఎక్కడున్నా ఆమె కన్ను దాని మీదే పడుతుంది. చర్చిలో పాస్టరు గారి చొక్కా గుండీ వదులైతే, ప్రసంగం అయిపోయేదాకా ఆమె దానివైపే చూసి, చివరి ఆమెన్ కాగానే సూదీ దారం తీసుకుని లేస్తుంది.

కంప్యూటర్ ఆమె జీవితంలోకి చెత్తలోంచి వచ్చింది. ఆరేళ్ళ కిందట యూనిట్ ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్ ముసలిదైపోయింది. దాని బటన్ నొక్కి, ఇంటికి పోయి సంగటి తిని, ఒక కునుకు తీసి వస్తే అప్పటికి తెరుచుకునేది. మల్లికార్జునయ్య గారు దాన్ని పాత ఇనుప సామానులో వేయమన్నారు. కృప అడిగి తీసుకుంది. ఆ రోజుల్లోనే శశికుమార్ అని అనంతపురంలో కాలేజీ పాఠాలు చెప్పే అబ్బాయి మా ఊరి బడికి వచ్చి, ఇలాంటి ముసలి మిషన్లను లేపి నడిపించే లినక్స్ గురించి చెప్పాడు. కంప్యూటర్‌ను నడిపించే అసలు యంత్రాంగాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అలాంటివాటిలో లినక్స్ ఒకటి. దాన్ని ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు, లోపల ఎలా తయారైందో విప్పి చూసుకోవచ్చు. ఈ చివరి మాట కృపను పట్టుకుంది. ఊరికే రావడం ఆమెకు పెద్ద సంగతిగా తోచలేదు. లోపలి కుట్టును విప్పి చూడనిచ్చే వస్తువును ఆమె అంతవరకూ చూడలేదు.

ఆ ముసలి ల్యాప్‌టాప్ మీద ఆమె ఐదేళ్ళు నేర్చుకుంది. తర్వాత, నేర్చుకున్నది ఇంట్లో పెట్టుకుని కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. మూలన పడిన ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్ళను ఒక రోజు ఒకచోట కూర్చోబెట్టి, దగ్గరుండి లినక్స్ వేయించాలనుకుంది. పోయిన ఏడాది చర్చి హాల్లో మొదటిసారి పెట్టింది. ఆరుగురు వచ్చారు. ఆ ఆరుగురిలో ఈరప్ప ఉన్నాడు.

ఈరప్ప కృప పనిచేసే యూనిట్‌లోనే కటింగ్ మాస్టరు. ఇరవై నాలుగేళ్ళుగా గుడ్డ మీద సుద్దతో గీత గీస్తున్నాడు. అతను గీసిన గీత మీద చీమ నడిస్తే అది కూడా తిన్నగా నడుస్తుంది. తాను తయారుచేసిన ప్యాంట్ల నమూనాలన్నిటినీ, నడుము కొలత నుంచి జేబు వంపు దాకా, కొడుకు చేత ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకున్నాడు. మూడు వందల పైచిలుకు. అవన్నీ డిస్క్‌లో వేరే భాగంలో భద్రంగా ఉంటాయని కృప అనుకుంది. అతను టీ తాగడానికి బయటికి పోయిన ఐదు నిమిషాల్లో, మొత్తం డిస్క్‌ను చెరిపి వేయమనే బటన్ నొక్కింది. అతను తిరిగి వచ్చేసరికి ల్యాప్‌టాప్ కొత్త పెళ్ళికూతురిలా తళతళలాడుతోంది. లోపల ఏమీ లేదు.

ఈరప్ప అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ల్యాప్‌టాప్‌ను ఒక జీన్స్ ముక్కలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏడాదిపాటు ఆమెతో పనికి అవసరమైన మాట తప్ప మరో మాట మాట్లాడలేదు. పోయిన ఫైళ్ళను తిరిగి లాగడానికి ఆమె శశికుమార్‌తో కలిసి నెల రోజులు తంటాలు పడింది. పదకొండు దొరికాయి. అవి కూడా సగం సగం.

ఈ ఏడాది మళ్ళీ పెడతానని ఆమె అన్నప్పుడు అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: ఈరప్పన్న వస్తాండాడా? ఆమె పుస్తకంలో పంతొమ్మిది పేర్లు రాసుకుంది. ఆసుపత్రిలో నర్సు కల్పన, ఇంటర్ చదివే పిల్లలు, టైలర్లు, ఒక ఎరువుల అంగడాయన. వాళ్ళలో పదకొండుమంది 'చూస్తాం' అన్నవాళ్ళే. మా ఊళ్ళో చూస్తాం అంటే రావడం లేదని అర్థం. ఈసారి కూడా ఒక్కరి సొత్తు పోయిందా, ఆమె చేతికి మళ్ళీ ఎవరూ ల్యాప్‌టాప్ ఇవ్వరు. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు.

విజయదశమి రోజు పెట్టుకుందామని ఆమే నిర్ణయించింది. ఆ రోజు కొత్త పని ఏది మొదలుపెట్టినా మంచిదని జనం బయలుదేరుతారు, పైగా యూనిట్‌కు సెలవు. షెడ్డు అడిగితే మల్లికార్జునయ్య గారు ఇచ్చారు. అంతకంటే మంచి చోటు ఊళ్ళో లేదు. ప్రతి కుట్టు మిషన్‌కూ ఒక బల్ల, ఒక స్టూలు, ఒక ప్లగ్గు. మిషన్ పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే సరిపోతుంది.

ఇక ఏర్పాట్లు. యూనిట్‌లో గుడ్డ కత్తిరించాక, ఏ ముక్క ఏ ముక్కతో కలవాలో తెలియడానికి ప్రతి కట్టకూ నంబరు వేసిన చీటీ కడతారు. దాన్ని బండిల్ టికెట్ అంటారు. కట్ట ఏ చేతిలోకి పోతే ఆ మనిషి టికెట్ మీద సంతకం పెట్టాలి. తప్పు వస్తే ఎక్కడ వచ్చిందో టికెట్ చెబుతుంది. కృప ఆ పద్ధతినే ల్యాప్‌టాప్‌లకు తెచ్చింది. ఇరవై టికెట్లు తయారుచేసింది. ఒక్కోదాని మీద నాలుగు వరుసలు: ఏమేమి దాచాలో అడిగాను, కాపీ తీశాను, కాపీ తెరిచి చూపించాను, మనిషి ఒప్పుకున్నాకే చెరిపాను. ప్రతి వరుస పక్కనా రెండు సంతకాలు, సాయం చేసేవాళ్ళది ఒకటి, ల్యాప్‌టాప్ మనిషిది ఒకటి. రెండు సంతకాలు లేకుండా కింది వరుసకు దిగకూడదు.

పంతొమ్మిది పేర్లకు రెండో నంబరు నుంచి టికెట్లు రాసింది. ఒకటో నంబరు ఖాళీగా పెట్టింది. అది ఎవరిదని నేను అడగలేదు.

నాకు గేటు దగ్గర టికెట్లు ఇచ్చే పని అప్పగించింది. వారం రోజులు నాతో అభ్యాసం చేయించింది. తానే కొత్త మనిషిలా వచ్చి నిలబడేది, నేను పేరు, నంబరు రాయాలి, కథలు చెప్పకూడదు. నేను ఒకసారి నోరు జారి, లినక్స్ వేసుకుంటే కరెంటు పోయినా ల్యాప్‌టాప్ రెండు రోజులు నడుస్తుందని చెప్పాను. ఆమె నవ్వలేదు. ఆ మాట వెనక్కి తీసుకున్నానని టికెట్ వెనక రాయించి సంతకం పెట్టించింది. గుత్తిలో కాన్వెంటు సిస్టర్లు కూడా నన్ను ఇంత గట్టిగా పట్టుకోలేదు. వాళ్ళు మోకాళ్ళ మీద నిలబెట్టి వదిలేసేవారు.

అయినా అలవాటు ఊరుకోదు. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

లినక్స్‌ను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాలంటే ముందు దాన్ని పెన్ డ్రైవ్‌ల మీదికి ఎక్కించుకోవాలి. కృప దగ్గర పన్నెండు పెన్ డ్రైవ్‌లున్నాయి. ఎక్కించాల్సిన ఫైలును తన ఫోన్ నెట్‌తో మూడు రోజులు దింపి, ముసలి ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంది. మహర్నవమి రోజు ఉదయం వాటన్నిటినీ షెడ్డుకు తెచ్చి, కటింగ్ టేబులు చివర పరిచింది. మధ్యాహ్నం నుంచి కూర్చుని పన్నెండూ తయారుచేసి, ఒక్కోదాన్నీ పరీక్షించాలని ఆమె లెక్క. అంతలో శశికుమార్ నుంచి ఫోన్. అందరి ఫైళ్ళనూ కాపీ తీసి దాచే పెద్ద హార్డ్ డిస్క్‌ను అనంతపురంలో బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడట. దాన్ని తెచ్చుకోవడానికి ఆమె బస్టాండుకు పోయింది. పండుగ రద్దీలో బస్సు రెండు గంటలు ఆలస్యం.

ఆ సమయంలో షెడ్డులో ఆయుధ పూజ ఏర్పాట్లు జరుగుతున్నాయి. మిషన్లు తుడిచారు. బంతిపూల దండలు వేశారు. పూజ నడిపించేది తిప్పమ్మ. యూనిట్‌లో అందరికంటే పెద్దది, దారాలు కత్తిరించే పనిలో ఇరవై ఏళ్ళుగా ఉన్న మనిషి. మల్లికార్జునయ్య గారు కూడా ఆమె చెప్పినచోటే కొబ్బరికాయ కొడతారు. ఆమె పెన్ డ్రైవ్‌లను చూసి ఇవేమిటని నన్ను అడిగింది. రేపు ల్యాప్‌టాప్‌లను లేపేవి ఇవేనని నేను చెప్పాను. అక్కడితో ఆగి ఉంటే మనిషినే. గుంతకల్లులో ఒక రైలింజన్‌కు ఒక దసరాకు బొట్టు పెట్టడం మరిచిపోయారనీ, అది అలిగి, ఎన్ని మీటలు లాగినా ముందుకు కదలక, పెట్టెలన్నిటితో సహా గుత్తి దాకా వెనక్కి నడిచిందనీ చెప్పాను. గుత్తి కోట మీద నిలబడి నేనే కళ్ళారా చూశానని కూడా చెప్పాను.

తిప్పమ్మ గంధం తీయడానికి పోయింది. నేను బొరుగుల పొట్లం తీసుకుని ఇంటికి పోయాను.

కృప హార్డ్ డిస్క్‌తో తిరిగి వచ్చేసరికి మూడున్నర. నేనూ అప్పుడే వచ్చాను. గుమ్మడికాయ కొట్టడం అయిపోయింది. షెడ్డంతా కర్పూరం వాసన. కటింగ్ టేబులు మీద అరటాకు పరిచి ఉంది. దాని మీద కత్తెరలు, కొలత టేపులు, వాటి పక్కన వరుసగా పన్నెండు పెన్ డ్రైవ్‌లు. ప్రతిదాని మూతా ఊడదీసి, ఇనుప మూతి మీద గంధం దట్టంగా మెత్తి, మధ్యలో కుంకుమ బొట్టు. వెనక ముసలి ల్యాప్‌టాప్‌కు మూడు అడ్డ గీతలుగా విభూతి, మెడలో దండ.

మూతలెందుకు తీశావని కృప అడిగింది. తిప్పమ్మకు ఆ ప్రశ్నే వింతగా తోచింది.

"ముఖానికి కాకుండా తోకకు పెడ్తారామ్మే బొట్టు?"

అసలు చిక్కు గంధం కూడా కాదు. మా వైపు ఆయుధ పూజకు పెట్టిన పనిముట్టును ఆ రోజు మళ్ళీ ముట్టరు. ఏడాదంతా పనిచేసిన వస్తువుకు ఆ ఒక్క పూట విశ్రాంతి. మరునాడు ఉదయం హారతి ఇచ్చి, చేతికి తీసుకుని, కాస్త నడిపించి, అప్పుడు పనిలో పెడతారు. రేపటి హారతి ఏడుంబావుకని పంచాంగం చూసి మల్లికార్జునయ్య గారు చెప్పారు. జనం పది గంటలకు వస్తారు. పన్నెండు పెన్ డ్రైవ్‌లు ఎక్కించి చూసుకోవడానికి మిగిలేది మూడు గంటలకు తక్కువ. కొత్తవి కొందామంటే పండుగకు అంగళ్ళు మూసి ఉన్నాయి. కొన్నా, ఎక్కించాల్సిన ఫైలు పూజలో కూర్చున్న ల్యాప్‌టాప్‌లోనే ఉంది. శశికుమార్‌కు ఫోన్ చేస్తే, తాను రెండు పెన్ డ్రైవ్‌లు తేగలననీ, కానీ తన బస్సు పదకొండుకు ముందు చేరదనీ అన్నాడు.

కృప ఫోన్ పెట్టేసింది. తర్వాత నావైపు తిరిగింది. తిప్పమ్మకు నేనేం చెప్పానో ఆమె అడగలేదు. చెకింగ్‌లో ప్యాంటును వెలుతురుకు పట్టి చూసినట్టు చూసింది. నేను ఇంజన్ కథ మొత్తం ఒప్పుకున్నాను.

ఇద్దరం తిప్పమ్మ ఇంటికి పోయాం. ఆమె గడప మీద కూర్చుని వేరుశనగలు ఒలుస్తోంది. కృప తన అవసరం నెమ్మదిగా చెప్పింది, పెన్ డ్రైవ్‌లను ఈ సాయంత్రమే తీసుకోవడానికి ఒప్పుకోమని అడిగింది. నేను కూడా ముందుకు వచ్చి, ఇంజన్ వెనక్కి నడవలేదనీ, అదంతా నేను అల్లిందనీ, కాబట్టి పూజ లెక్కలోకి రాదనీ చెప్పాను. తిప్పమ్మ కాయలు ఒలవడం ఆపలేదు.

"నీది అబద్ధమైతే అది నీ నోటి గాచారం. నేను చేసిన పూజ అబద్ధమా? పూజలో కూచున్నదాన్ని పొద్దుగాల దాకా లేపకూడదు. లేపేదైతే నన్ను అడగొద్దు."

కృప ఇంకేమీ వాదించలేదు. ఏడుంబావుకు తానే ముందుగా వచ్చి హారతి ఇస్తానని మాత్రం తిప్పమ్మ మాట ఇచ్చింది.

మేము షెడ్డు దగ్గరికి తిరిగి వచ్చేసరికి పొద్దు కొండ మీదికి వాలింది. ఈరప్ప షెడ్డుకు తాళం వేస్తున్నాడు. తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. జరిగిందంతా అప్పటికే అతని చెవిన పడింది. తాళం వేసి, పోబోయి, ఆగాడు. ఏడాది తర్వాత పనికి సంబంధం లేని మాట ఆమెతో మాట్లాడాడు.

"తాళంచెవి ఈడ్నే ఉండాది. కావల్లంటే తీసుకో. ఎవురు చూస్తారు?"

అది దయో, పరీక్షో నాకు ఇప్పటికీ తెలియదు. తాళంచెవిని అరచేతిలో పెట్టుకుని చాచాడు. నేనైతే ఆ చేయి పూర్తిగా చాచకముందే తీసుకునేవాణ్ణి. కృప చేతులు కదల్లేదు.

"వద్దన్నా. పోయినేడు నిన్ను అడక్కుండా నొక్కినా. ఇప్పుడు అడిగి, అవ్వ వద్దన్నాక తీస్తే, నేను నేర్చుకునిందేముంది?"

ఈరప్ప తాళంచెవిని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

చేతిలో పనిముట్లు లేనంత మాత్రాన ఆమె ఊరుకోలేదు. టికెట్ల కట్ట తీసుకుని నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ బయలుదేరింది. రేపు పొద్దున చేయాల్సిన మొదటి వరుస పనిని ఈ సాయంత్రమే ముగిద్దామంది. ప్రతి ఇంట్లో కూర్చుని, ల్యాప్‌టాప్‌లో ఏమేమి దాచాలో అడిగి రాసుకుంది. కల్పన తన నర్సింగ్ పాఠాలు అంది. ఎరువుల అంగడాయన మనవడి తొట్టెల పండుగ ఫోటోలు అన్నాడు. ఒకావిడ ఏమీ లేవంది; కృప రెండోసారి అడిగితే, భర్త పాడిన భజన పాటలు మూడు ఉన్నాయని గుర్తు తెచ్చుకుంది. కొందరు రేపు వస్తామో లేదో అని నసిగారు. వాళ్ళను ఆమె బతిమాలలేదు. రాకపోయినా ఏది దాచుకోవాలో తెలిసి ఉండడం మంచిదని చెప్పి, రాసుకుని, సంతకం పెట్టించుకుని లేచింది. ఎనిమిది కొట్టేసరికి పంతొమ్మిది టికెట్లలో మొదటి వరుస నిండింది. ఈరప్ప ఇంటి ముందు నుంచి పోతున్నప్పుడు ఆమె అడుగు ఆగలేదు. ఒకటో నంబరు టికెట్ కట్ట అడుగున అలాగే ఉంది.

మరునాడు ఏడు కాకముందే షెడ్డు ముందు నలుగురం ఉన్నాం. ఈరప్ప తాళం తీశాడు. తిప్పమ్మ మాట ప్రకారం హారతి ఇచ్చింది. ఒక మిషన్‌ను తొక్కి నాలుగు కుట్లు వేసింది, కత్తెరతో ఒక గుడ్డ ముక్క కత్తిరించింది. తర్వాత పెన్ డ్రైవ్‌లను రెండు చేతులా ఎత్తి కృప చేతిలో పోసింది.

కృప కూర్చుని మొదటిదాన్ని ల్యాప్‌టాప్‌కు పెట్టింది. ల్యాప్‌టాప్ దాన్ని గుర్తించలేదు. రెండోది పెట్టింది. అదీ అంతే. గంధం రాత్రంతా ఆరి, మూతి లోపల రాయిలా బిగుసుకుంది. లోపల ఉండే బంగారు రంగు రేకులు కనిపించడం లేదు. తిప్పమ్మ ముఖం మొదటిసారి వాడింది. ఏమైందని అడిగింది. కృప ఆమెను తప్పు పట్టలేదు. లోపల మురికి చేరితే మిషన్ సూది దారం పట్టనట్టే ఇది కూడా పట్టదని చెప్పింది, అంతే.

నీళ్ళతో కడగకూడదు. కాబట్టి పొడిగానే తీయాలి. ప్రతి కుట్టు మిషన్ సొరుగులోనూ దూది పీచు దులిపే చిన్న బ్రష్షు ఉంటుంది. కృప వాటిని ఏరి తెచ్చింది. తిప్పమ్మ కళ్ళజోడు పెట్టుకుని, సూది మొనతో గంధాన్ని పొడి పొడిగా పెళ్ళగించడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళు దారాలు కత్తిరించిన చేయి. గీత పడకుండా తీసింది. నేను బ్రష్షుతో దులిపాను. అయినా రేకుల మీద పసుప్పచ్చ పొర మిగిలింది. అప్పటిదాకా గోడకు ఆనుకుని చూస్తున్న ఈరప్ప తన డబ్బాలోంచి పెన్సిల్ గీత చెరిపే రబ్బరు తీశాడు. గుడ్డ కోసే బ్లేడుతో దాన్ని అగ్గిపుల్లంత సన్నగా కోసి, పెన్ డ్రైవ్ మూతిలో దూర్చి, మెల్లగా రుద్దాడు. రేకులు మెరిశాయి. కృప దాన్ని పెట్టింది. ల్యాప్‌టాప్ గుర్తించింది.

తర్వాతి గంటన్నర షెడ్డులో అదే పని. తిప్పమ్మ సూది, నా బ్రష్షు, ఈరప్ప రబ్బరు, కృప ల్యాప్‌టాప్. ఒక చేతి నుంచి ఇంకో చేతికి పెన్ డ్రైవ్‌లు ప్యాంటు ముక్కల్లా నడిచాయి. కృప ఒకేసారి రెండేసి ఎక్కించి, ప్రతిదాన్నీ ల్యాప్‌టాప్‌కు పెట్టి లేపి చూసి, పక్కన సుద్దతో టిక్కు పెట్టింది. తొమ్మిదీ ముక్కాలుకు ఎనిమిది సిద్ధమయ్యాయి. మూడు ఇంకా ఎక్కాలి. ఒకటి ఎంత రుద్దినా లేవలేదు. ఈరప్ప చేతులు దులుపుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికి పోయాడు.

పది అయింది. గేటు దగ్గర నా ముందు నలుగురు. కల్పన, ఇద్దరు ఇంటర్ పిల్లలు, భజన పాటల ఆవిడ. ఎదుట టీ అంగడి దగ్గర సంచులు భుజాన వేసుకున్నవాళ్ళు ఎనిమిది మందైనా ఉన్నారు. టీ తాగడం ఎప్పుడో అయిపోయింది. ఇటు రారు, ఇంటికీ పోరు. శశికుమార్ బస్సు ఇంకా కళ్యాణదుర్గం దాటలేదని ఫోన్ వచ్చింది. నా నాలుక దురద పెట్టింది. పోయి ఒక్క కథ చెబితే ఎనిమిది మందీ పరుగెత్తి వచ్చేవారు. కృప దూరం నుంచే తల అడ్డంగా ఊపింది. నలుగురున్నారు కదా, నలుగురితోనే మొదలుపెడదామంది. కల్పన ల్యాప్‌టాప్‌ను కృప తెరిచి, టికెట్ రెండో వరుస దగ్గర వేలు పెట్టింది.

పదీ ఇరవైకి ఈరప్ప వచ్చాడు. చంకలో జీన్స్ ముక్కలో చుట్టిన మూట. టీ అంగడి దగ్గర మాటలు ఆగిపోయాయి. అతను ఎవరివైపూ చూడకుండా నా ముందుకు వచ్చి టికెట్ అడిగాడు. నేను కట్ట అడుగు నుంచి ఒకటో నంబరు తీసి ఇచ్చాను. అతను నంబరు చూశాడు. కింద ఉన్న నాలుగు వరుసలను, తన పనిలో ఏళ్ళ తరబడి చూసిన ఆ గళ్ళను, మెల్లగా చదివాడు. పోయి కృప ముందు మూట విప్పాడు.

ఏమేమి దాచాలని ఆమె అడిగింది. ఈ ఏడాదంతా గుర్తు తెచ్చుకుంటూ మళ్ళీ గీసి, కొడుకు చేత మళ్ళీ ఎక్కించుకున్న నమూనాలు నూట పద్నాలుగు ఉన్నాయని చెప్పాడు. ఆమె వాటిని హార్డ్ డిస్క్‌లోకి కాపీ తీసింది. తర్వాత ఆ కాపీని తన ల్యాప్‌టాప్‌లో తెరిచి, మౌస్‌ను అతని చేతికిచ్చింది. ఒకటి రెండు చూసి సంతకం పెడతాడని నేననుకున్నాను. అతను మొదటి నమూనా తెరిచి, నడుము, తొడ, జేబు వంపు చూసి, మూసి, రెండోది తెరిచాడు. నూట పద్నాలుగూ చూశాడు. ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటా ఆమె అతన్ని తొందరపెట్టలేదు. పక్క బల్లల మీద మిగతావాళ్ళకు సాయం చేస్తూ, మధ్యలో వచ్చి నిలబడి పోయింది. టీ అంగడివాళ్ళు ఒక్కొక్కరుగా లోపలికి వచ్చి, అతని వెనక చేరి, వాళ్ళూ చూశారు. వాళ్ళలో టైలర్లయితే అరవై రెండో నమూనా దగ్గర జేబు గురించి గొడవ కూడా పడ్డారు.

ఈరప్ప మూడో వరుసలో సంతకం పెట్టాడు. కృప కూడా పెట్టింది. ఇక మిగిలింది చెరపడం. తెర మీద పోయినేటి బటనే ఉంది. ఆమె ల్యాప్‌టాప్‌ను అతనివైపు తిప్పి, నువ్వే నొక్కన్నా అంది. ఈరప్ప ఆ బటన్ వైపు చూశాడు. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"నువ్వే నొక్కమ్మా. నేను టీకి పోను. ఈడ్నే కూచుని చూస్తాంటా."

ఆమె నొక్కింది. పదిహేను నిమిషాల తర్వాత ల్యాప్‌టాప్ లేచింది. అతని నూట పద్నాలుగు నమూనాలు తిరిగి దాంట్లోకి వచ్చాయి. వాటితో పాటు, పోయినేడు ఆమె సగం సగంగా లాగిన పదకొండు కూడా ఒక మూల ఉన్నాయి. వాటిని ఏడాదిగా దాచి ఉంచిందని అప్పుడే అతనికి తెలిసింది. ఒకదాన్ని తెరిచి, సగం తెగిన జేబును చూసి, ఇది నాకు గుర్తుకు రానే లేదు, అన్నాడు. డబ్బాలోంచి సుద్ద తీసి, అక్కడే బల్ల మీద మిగతా సగం గీశాడు.

ఆ రోజు సాయంత్రానికి పంతొమ్మిది పేర్లలో పదహారు, ఈరప్పతో కలిపి పదిహేడు ల్యాప్‌టాప్‌లు లేచాయి. ఒక్క ఫైలు పోలేదు. లేవని ఆ ఒక్క పెన్ డ్రైవ్‌ను తిప్పమ్మ అడిగి తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టింది. అది అలిగిందనీ, వచ్చే దసరాకు దానికదే లేస్తుందనీ ఆమె నమ్మకం. ఈ మాట మాత్రం నేను చెప్పింది కాదు.

టీ అంగడిలో నేను ఇప్పటికి ఈ కథను చాలాసార్లు చెప్పాను. అక్కడ పదిహేడు నలభై అయింది, ఒకసారి వంద దాకా కూడా పోయింది. కానీ ఇక్కడ పదిహేడే రాశాను. ఎందుకంటే ఇది అచ్చుకు పోకముందు కృప చదివింది. చదివి, బండిల్ టికెట్ ఒకటి తెచ్చి, అడుగున తను సంతకం పెట్టి, నన్నూ పెట్టమంది.